ఒకే గొంతు, రెండు రిపోర్టులు

నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఒకటి ఉంది. ఒకే రోగికి ఒకే రోజున ఒకదానికొకటి పొంతన లేని రెండు రిపోర్టులు ఇచ్చానని, స్లైడు చూడటంలో అజాగ్రత్త చూపానని, అందుకు నన్ను మందలించారని దాని సారాంశం. నేను అజాగ్రత్తగా చూడలేదు. ఆ రెండు రిపోర్టుల్లో ఏ ఒక్కటీ తప్పు కాదు. ఆ వాక్యం పడేలా చేసినాయనకి అప్పటికే ఈ సంగతి తెలుసు.

1975 జూన్‌లో నన్ను తిరువూరు వేశారు. ఒక సొసైటీ నడిపే ఇరవై పడకల ఆసుపత్రి. ఇప్పుడు ఆ సొసైటీ లేదు, ఆ ఆసుపత్రీ లేదు. ఆ స్థలంలో ఎరువుల గోడౌను లేచింది. కాబట్టి పేర్లతో పని లేదు. ఒక డాక్టరుగారు, ఒక నర్సు, ఒక కాంపౌండరు, ఇద్దరు ఆయాలు, నేను. నా హోదా లాబ్ అసిస్టెంటు. చేసేది టెక్నీషియన్ పనే గానీ, ఆ పేరు పెట్టుకోవాలంటే సర్టిఫికెట్ ఉండాలి. నేను ఎనిమిదో తరగతి తప్పి, సొసైటీ వారి ఇంకో ఆసుపత్రిలో స్లైడ్లు కడిగే పనిలో చేరినవాణ్ణి. అక్కడి బీరువాలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, లాబ్ పరీక్షల మీద. దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగేళ్ళు చదివాను. రోజుకు అర పేజీ. చదివింది మైక్రోస్కోపులో చూసుకునేవాణ్ణి, చూసింది మళ్ళీ పుస్తకంలో వెతుక్కునేవాణ్ణి. చదువుకున్నవాళ్ళకి పుస్తకం గుర్తుండకపోయినా చెల్లుతుంది, కాగితం ఉంటుంది గనక. నాలాంటివాడికి పుస్తకం గుర్తుండి తీరాలి.

రిపోర్టు పద్ధతి ఇది. స్లైడు చూసి నేను ఫలితం రాసి సంతకం పెడతాను. దాని కింద డాక్టరుగారి సంతకం పడితేనే అది రిపోర్టు. అంటే ప్రతి రిపోర్టు మీదా రెండు సంతకాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేనైతే మర్చిపోలేదు.

అప్పట్లో మా వైపు పల్లెల్లో డిఫ్తీరియా వచ్చిపోతూ ఉండేది. తెలుగులో కంఠసర్పి అంటారు. టీకాలు అన్ని ఊళ్ళకీ అందని రోజులు. ఈ జబ్బులో గొంతు లోపల బూడిదరంగు పొర కడుతుంది. తడిసిన తోలు ముక్క అతికించినట్టు ఉంటుంది, తుడిస్తే రాదు, బలవంతంగా కదిలిస్తే రక్తం వస్తుంది. ఆ పొర కిందికి పాకితే పిల్లకి ఊపిరి ఆడదు. అది పాకకపోయినా అందులోంచి పుట్టే విషం గుండెని పట్టుకుంటుంది. దీనికి విరుగుడు ఒక సీరం, గుర్రం రక్తంలోంచి తీస్తారు. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. విషం ఒకసారి గుండె కండరంలో దిగాక ఏ సీరమూ దాన్ని బయటికి లాగలేదు.

ఆ సీరం దొరకడం కష్టం. మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ రెండు మూడు చిన్న సీసాలకి, అదే వయల్స్‌కి మించి ఉండేవి కావు. పైగా కొందరికి పడదు, పొడిచిన నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకని సొసైటీ వారు ఒక నియమం టైపు చేయించి గోడకి పెట్టారు: స్లైడు పాజిటివ్ వస్తేనే సీరం ఇవ్వాలి. ఆ నియమం రాసినాయన ఏనాడైనా మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూశాడో లేదో నాకు అనుమానమే.

ఎందుకంటే గొంతు స్లైడు అనేది అరగంట పరీక్ష. పుల్లకి దూది చుట్టి, గొంతులో తిప్పి, ఆ తడిని గాజు పలక మీద పూసి, మంట మీద పొడిచేసి, ముందు ఆకుపచ్చ రంగు, తర్వాత అయోడిను పోసి చూస్తాం. డిఫ్తీరియా క్రిములు సన్నటి ఆకుపచ్చ పుల్లల్లా, కొసల్లో నల్లటి చుక్కలతో కనిపిస్తాయి. అసలైన నిర్ధారణ కావాలంటే నమూనాని పెద్ద లాబ్‌కి పంపి క్రిముల్ని పెంచాలి. దాన్నే కల్చర్ అంటారు. దానికి రోజులు పడుతుంది, ఆ రోజులు పిల్లకి ఉండవు. అరగంట పరీక్షలో రెండు వైపులా పొరపాటుకి చోటుంది. ఏ హానీ చేయని క్రిములు కొన్ని అచ్చం అలాగే కనిపిస్తాయి, అది ఒకటి. జబ్బు ఉండి కూడా స్లైడు మీదికి రాకపోవడం రెండోది. మొదటి పొరపాటువల్ల ఒక సీరం వృథా అవుతుంది. రెండో పొరపాటు ఒక పిల్లని ఇంటికి పంపేస్తుంది.

1976 నవంబరు. పత్తి తీతలు జోరుగా నడుస్తున్నాయి. పెనుగొలను నుంచి మార్తమ్మ అనే కూలి మనిషి తన అయిదేళ్ళ కూతురు రూతుని చంకన వేసుకుని వచ్చింది. మూడు రోజులుగా గొంతు నొప్పి, మెతుకు మింగడం లేదు. ఆ రోజు ఓపీలో జనం క్రిక్కిరిసి ఉన్నారు. పిల్ల డాక్టరుగారి దగ్గర నోరు తెరవలేదు, పళ్ళు బిగించింది. ఆయన ఒకసారి ప్రయత్నించి, చీటీ మీద టాన్సిల్స్ అని, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కింద 'పెయింటు, స్వాబ్' అని రాసి పంపారు. పెయింటంటే గొంతులో పూసే గోధుమరంగు మందు, గ్లిజరిన్‌లో అయోడిను కలిపింది. గొంతు నొప్పి అని వచ్చిన ప్రతివాళ్ళకీ అది పూయడం మా ఆసుపత్రి ఆనవాయితీ. స్వాబ్ అంటే ఆ దూది పుల్ల.

పుల్ల నా దగ్గరికి వచ్చింది. స్లైడు చేసి చూశాను. నూరు చోట్ల చూడాలని పుస్తకం అంటుంది, నేను నూటయాభై చూశాను. చీము కణాలు ఉన్నాయి, గుండ్రటి మామూలు క్రిములు నాలుగైదు ఉన్నాయి, పుల్లల్లాంటివి ఒక్కటీ లేదు. నెగెటివ్ అని రాసి సంతకం పెట్టాను. డాక్టరుగారూ తలెత్తకుండా సంతకం పెట్టారు. మాత్రలు రాసి ఇంటికి పొమ్మన్నారు.

మార్తమ్మ వెళ్ళేముందు నా కిటికీ దగ్గర ఆగింది.

"ఏంటండీ, పిల్లకి ఏవన్నా ఉందా?"

"ఏమీ కనపడలేదమ్మా. మాత్రలు వెయ్యి."

"దేవుడు మేలు చేశాడు," అని పిల్లని ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. అలా మార్చుకున్నప్పుడు పిల్ల ముఖం నా కిటికీకి జానెడు దూరంలోకి వచ్చింది. దవడ కింద మెడ రెండు వైపులా ఉబ్బి ఉంది. ఊపిరిలోంచి ఒక వాసన వచ్చింది, మాగి చెడిన పండులాగా తియ్యగా, కుళ్ళుగా. ఆ వాసన గురించి నేను పుస్తకంలో చదివాను. జీవితంలో మొదటిసారి ముక్కుకి తగిలింది. నేను తేరుకునేలోపు ఆమె గేటు దాటిపోయింది.

వెనక్కి వచ్చి మళ్ళీ స్లైడు చూశాను. లేదు. అప్పుడు రిజిస్టరు తీశాను. నేను తిరువూరు వచ్చిన దగ్గర్నుంచి చేసిన గొంతు స్లైడ్లన్నీ వరసగా చదివాను. నెగెటివ్, నెగెటివ్, నెగెటివ్. ఒక్కటంటే ఒక్క పాజిటివ్ లేదు. చుట్టూ పల్లెల్లో జబ్బు ఉందని అందరూ అంటుంటే, నా మైక్రోస్కోపుకి మాత్రం ఏడాదిన్నరగా ఒక్కసారీ కనపడలేదు. వాడిన పుల్లల డబ్బాలోకి చూశాను. పైనున్న దూదికి గోధుమరంగు. దాని కింద దానికీ గోధుమరంగే.

డ్రెస్సింగ్ గదికి వెళ్ళాను. మా కాంపౌండరు సుందర్రావుగారు అప్పటికి యాభై ఏడేళ్ళ మనిషి, మరో ఏడు నెలల్లో రిటైరవబోతున్నారు. పసిపిల్లలకి ఆయన చెయ్యి అంటే నమ్మకం. ఇంజక్షన్ కూడా కథ చెప్తూ పొడిచేవారు.

"స్వాబ్ ఎలా తీస్తారండీ మీరు?" అన్నాను.

"ఎలా తీసేదేంటోయ్? ముందు పెయింటు వేస్తా. గొంతు చల్లబడుద్ది. అప్పుడు పిల్లలు పుల్ల పెట్టనిస్తారు. ముందే పుల్ల పెట్టావనుకో, ఇదిగో ఇలా అవుద్ది," అని చూపుడు వేలు మీద పాత పంటి గాటు చూపించారు.

"పెయింటులో అయోడిను ఉంది సుందర్రావుగారూ."

"ఉంటే?"

"క్రిముల్ని చంపే మందు పూసి, ఆ తర్వాత క్రిములు ఉన్నాయో లేవో చూడమని నాకు పంపుతున్నారు."

ఆయన కత్తెర బల్ల మీద పెట్టారు. "పన్నెండేళ్ళుగా ఇలాగే తీస్తున్నానయ్యా. ఒక్కళ్ళూ చెప్పలేదే," అన్నారు. అది నిజం. పెయింటు ముందు, స్వాబ్ తర్వాత అని చీటీల మీద ఆ వరసలోనే రాసేవారు. ఏడాదిన్నరగా గోధుమరంగు పుల్లలు పుచ్చుకుంటూ, ఇదేంటని అడగని నేనూ ఉన్నాను. ఈ వ్యాసంలో తక్కినవాళ్ళ తప్పులు రాస్తున్నాను గనక అది కూడా రాయాలి.

డాక్టరుగారి గదికి వెళ్ళి, బల్ల ముందున్న జనం మధ్యలోనే సంగతి చెప్పాను. ఆయనకి చిరాకు వేసింది.

"నీ స్లైడుని నువ్వే నమ్మకపోతే నేనెందుకు నమ్మాలయ్యా? ఇందాకేగా సంతకం పెట్టావు?"

"స్లైడు సరిగ్గానే చూశానండి. స్లైడు మీదికి వచ్చిందే సరైంది కాదు. ఆ పిల్లకి మెడ వాచి ఉంది. వాసన వస్తోంది."

"ఉన్నవి రెండే వయల్స్. అనుమానం మీద వాడేసి, రేపు అసలు పాజిటివ్ వస్తే గోడ మీది కాగితం పెడతామా ఇంజక్షన్‌కి బదులు?"

జనం నవ్వారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. "మళ్ళీ స్వాబ్ తియ్యమంటారా?" అని అడిగాను. "పిల్ల దొరికితే తీసుకో," అన్నారు. ఆ మూడు మాటలూ ఆయన నోటితోనే అన్నారు. కాగితం మీద పెట్టించుకోవాలని నాకు తోచలేదు.

గంపలగూడెం బస్సు పెనుగొలను మీదుగా పోతుంది. అది తప్పితే మళ్ళీ సాయంత్రమే. సైకిల్ వేసుకుని బస్టాండుకి చేరేసరికి ఇంజను నడుస్తోంది. మార్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది, పిల్ల ఒళ్ళో తల వెనక్కి వాల్చి పడుకుని ఉంది. నేను ఎక్కి, దిగమన్నాను, పిల్లకి మళ్ళీ పరీక్ష చేయాలన్నాను.

"ఎందుకండీ? ఇందాకేగా ఏం లేదన్నారు?"

"ఇందాక తీసిన విధానం సరిగ్గా లేదమ్మా. ఇంకోసారి తియ్యాలి."

"మీ అద్దంలో ఇందాక లేంది ఇప్పుడెట్టా వచ్చిద్దండీ? పొద్దున్నించి పిల్లని పట్టుకుని మీ గుమ్మాలన్నీ తిరిగాను. ఆ కాంపౌండరుగారు పుల్ల పెడితే గుక్కపెట్టి ఏడ్చింది. నేను దిగను."

వెనక సీటులో తలపాగా పెద్దాయన ఒకడు అందుకున్నాడు. "ఆస్పత్రిలో లేదంటారు, బస్సులో ఉందంటారు. రేపు చేలోకొచ్చి ఏవంటారో!"

బస్సంతా నవ్వింది. కండక్టరు కుర్రాడు కాదు, నెరిసిన మీసాలాయన, విజిలు చేత్తో తిప్పుతూ నా దగ్గరికి వచ్చాడు. "సార్, వస్తే టికెట్టు తీసుకోండి, లేదంటే దిగండి. నాకు టైమైంది."

"రెండు నిమిషాలు ఆపండి."

"అందరూ రెండే అంటారండి. మూడని ఒక్కడూ అనడు."

నేను మార్తమ్మ సీటు పక్కనే వంగి, పిల్లని నోరు తెరవమన్నాను. రూతు నన్ను చూసి పళ్ళు బిగించింది. పొద్దున్నుంచి నోట్లో ఏదో ఒకటి పెట్టే మనుషులే ఎదురయ్యారు దానికి. కండక్టరుకి విసుగొచ్చిందో జాలేసిందో, తన విజిలు చొక్కాతో తుడిచి, "పాపా, ఇది ఊదుతావా? నువ్వు ఊదితేనే బస్సు కదుల్తది," అని దాని చేతికిచ్చాడు.

పిల్ల కళ్ళు వెలిగాయి. విజిలు నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించింది. శబ్దం రాలేదు. మళ్ళీ ఊదింది. సన్నగా గాలి జారిన చప్పుడు, ఆ వెంటనే ఊపిరి లోపలికి పీల్చుకునేటప్పుడు గొంతులోంచి గరగరమని ఒక కూత. మెడ దిగువన గుంట లోపలికి పోయింది. మూడోసారి ఊదలేక విజిలు ఒళ్ళో పడేసింది.

ఇందాకటి తలపాగా పెద్దాయనే లేచాడు.

"దిగమ్మా. దిగు. పిల్లకి ఊపిరాడట్లేదు."

మార్తమ్మ పిల్లని ఎత్తుకుని దిగింది. కండక్టరు సంచీ అందించాడు. బయట రిక్షా ఎక్కించి, నేను వెనక సైకిల్ మీద వచ్చాను.

సుందర్రావుగారు డ్రెస్సింగ్ గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెయింటు సీసా బల్ల మీద లేదు, ఎక్కడో దాచేశారు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాళ్ళు తన మోకాళ్ళ మధ్య పట్టుకుని, నర్సుని తల పట్టుకోమన్నారు. వెలుతురు బాగా పడేట్టు కిటికీకి ఎదురుగా కూర్చున్నారు. ఒక్క క్షణం నోరు తెరుచుకుంది, నేనూ చూశాను. గోధుమరంగు మందు మరకల కింద బూడిదరంగు పొర, కొండనాలుక దాకా పాకింది. పుల్లని పొర మీద తిప్పొద్దని, అంచు కిందికి పోనిచ్చి తియ్యమని చెప్పాను. తీశారు. రక్తం వచ్చింది. పిల్ల ఆయన వేలు కొరికింది. ఆయన చెయ్యి లాక్కోలేదు. "కొరుకు తల్లీ, బాగా కొరుకు," అన్నారు.

స్లైడు ఆరాలి. మంట మీద పట్టాలి. ఆకుపచ్చ రంగు పోసి అయిదు నిమిషాలు ఆగాలి, అయోడిను పోసి ఒక నిమిషం. ఈ పనిలో తొందరపడితే రంగు పట్టదు, రంగు పట్టకపోతే మళ్ళీ మొదటికి. గోడ అవతల పిల్ల ఊపిరి వినపడుతోంది, కూతకీ కూతకీ మధ్య ఎడం తగ్గుతోంది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. నా ఉద్యోగం మొత్తంలో అంత పొడవైన ఆరు నిమిషాలు ఇంకెప్పుడూ గడపలేదు.

కన్ను పెట్టాను. చీము. చీము. జరిపాను. ఎర్ర కణాలు. జరిపాను. తర్వాత ఒక మూల నాలుగైదు పుల్లలు, విరిచి పారేసినట్టు అడ్డదిడ్డంగా, కోణాలు కోణాలుగా, కొసల్లో నల్లటి చుక్కలు. పక్కన ఇంకో గుంపు. ఆ పక్కన ఇంకోటి. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే ఉన్నాయి. నేను వాటిని అంతకుముందు బొమ్మలోనే చూశాను.

పాజిటివ్ అని రాసి, టైము వేసి, సంతకం పెట్టి, ఆసుపత్రి వెనకే ఉన్న డాక్టరుగారి క్వార్టర్సుకి పరుగెత్తాను. ఆయన భోజనం మధ్యలో ఉన్నారు.

"పొద్దున లేదన్నావు. ఇప్పుడు ఉందంటున్నావు. రెండింట్లో దేన్ని నమ్మను?" అన్నారు.

"రెండూ పక్కన పెట్టండి సార్. వచ్చి గొంతు చూడండి. ఇప్పుడు నోరు తెరుస్తోంది, మూసే ఓపిక లేదు."

చెయ్యి కడుక్కుని వచ్చారు. ఆయన్ని తక్కువ చేసి రాయను. పిల్లని చూశాక ఒక్క క్షణం వృథా చేయలేదు. గొంతు కోసి గొట్టం పెట్టే సామాను ఉడకబెట్టించి మంచం పక్కన పెట్టించారు. సీరం పడుతుందో లేదో చూడటానికి చర్మం కింద ఒక చుక్క పొడిచి అరగంట ఆగాలి. ఆ అరగంటా ఆయన స్టూలు మీద కూర్చుని, ఒక చెయ్యి నాడి మీద, కళ్ళు ఆ మెడ గుంట మీద పెట్టి కదల్లేదు. చర్మం పొంగలేదు. రెండు వయల్సూ ఇచ్చారు. రెండో రిపోర్టు మీద సంతకం మంచం పక్కనే పెట్టారు. నేను నమూనా మిగులుని కల్చర్‌కి పంపాను. అయిదో రోజు జవాబు వచ్చింది, అదే క్రిమి.

రూతు బతికింది. పొర మూడో రోజు ముక్కలుగా ఊడింది. గుండె భయంతో మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. నేను ఆ వార్డులోకి వెళ్తే రెండు చేతులతో నోరు మూసుకునేది. "ఈయన చెడ్డోడే, రానివ్వకు," అని తల్లి నవ్వుతూ దాన్ని ఇంకా ఎగదోసేది.

ఫిబ్రవరిలో సొసైటీ నుంచి తనిఖీకి వచ్చారు. కేసు కాగితాల్లో ఒకే తేదీ మీద రెండు రిపోర్టులు గుచ్చి ఉండటం చూసి సంజాయిషీ అడిగారు. డాక్టరుగారు రాసిచ్చింది ఇది: మొదటి పరీక్షలో లాబ్ అసిస్టెంటు క్రిములను గుర్తించలేకపోయాడు, అదే రోజున పొరపాటు తెలుసుకుని సరిదిద్దుకున్నాడు. పెయింటు మాట లేదు. తను చూడకుండా సంతకం పెట్టిన మాట లేదు. 'దొరికితే తీసుకో' అన్న మాట లేదు.

అడిగాను. డాక్టరుగారు తలుపు వేసి చెప్పారు.

"పెయింటు సంగతి రాస్తే సుందర్రావు మీదికి వస్తుంది. పన్నెండేళ్ళలో ఎంతమంది పిల్లలని లెక్క తీస్తారు. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి. నీకేముంది, ఒక మందలింపు. మర్చిపోతారు."

"చీటీ మీద ఆ వరస రాసింది మీరు కదండీ?"

"అందుకే చెప్తున్నా, కదపకు," అన్నారు.

సుందర్రావుగారి పేరు లాగడం నాకూ ఇష్టం లేదు. ఆ నాలుగు నెలలూ నోరు మూసుకున్నాను. ఆయన రిటైరైన మర్నాడు మందలింపు మీద సొసైటీకి మొదటి అర్జీ పెట్టాను, ఆపై మరో మూడు. నాలుగూ ఒకే అర్జీ. తేదీలు మారాయి తప్ప అక్షరం మారలేదు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు రాసి, చివర ఒకే ప్రశ్న అడిగాను: నా రెండు రిపోర్టుల్లో తప్పు రిపోర్టు ఏది? మూడింటికి జవాబు లేదు. నాలుగోదానికి నేను దాచి ఉంచిన రెండు స్లైడ్లనీ దూదిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

ఈ మధ్య ముక్కులో పుల్ల పెట్టి పావుగంటలో గీతలు చూపించే కిట్లు వచ్చాయి. జ్వరంతో వణుకుతూ కూడా, ఒక్క గీతే వచ్చింది, నాకేం లేదని చెప్పి మా వీధిలో ఒకాయన పెళ్ళికి వెళ్ళి అందరినీ కావలించుకుని వచ్చాడు. ఆ పుల్లని ముక్కులో ఎంత లోపలికి పెట్టాడు, జబ్బు ఎన్నో రోజున పెట్టాడు అని అడిగితే, కిట్టు మంచి కంపెనీదండీ అన్నాడు. యాభై ఏళ్ళలో సామాను మారింది. దాని ముందు కూర్చునే మనిషి మారలేదు.

తిరువూరులో నేను నేర్చుకున్నది ఇంతే. పరీక్ష నా బల్ల మీద మొదలు కాదు, నమూనా తీసిన చేతిలో మొదలవుతుంది. ఆ చేతిని అడగకుండా నెగెటివ్ అని రాయకూడదు. ఎప్పుడూ నెగెటివే వస్తుంటే ఊళ్ళో జబ్బు లేదని సంతోషించే ముందు మన పద్ధతిని అనుమానించాలి. కళ్ళ ముందు పిల్ల ఒకటి చెప్తూ, కాగితం ఇంకోటి చెప్తుంటే, పిల్లనే ముందు చూడాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నమూనా ఎవరు తీశారు, ఎన్ని గంటలకి, అంతకుముందు ఏ మందు పడింది అన్న మూడు ముక్కలు చీటీ మీద లేకపోతే నేను స్లైడు ముట్టుకోలేదు. పొగరుబోతు అన్నారు. అననిచ్చాను.

నాలుగో అర్జీకి 1979లో జవాబు వచ్చింది. పూర్తి పాఠం:

"మీ అర్జీ పరిశీలించడమైనది. మీరు పంపిన రెండు స్లైడులను నిపుణులకు చూపించడమైనది. మొదటి స్లైడులో వ్యాధి క్రిములు లేవు. రెండవ స్లైడులో ఉన్నవి. కావున మీరు ఇచ్చిన రెండు రిపోర్టులూ సరియైనవే. అయితే ఒకే రోగికి ఒకే దినమున రెండు రిపోర్టులు ఇచ్చినట్లు మీరే మీ అర్జీలో అంగీకరించియున్నారు. కాబట్టి మందలింపు యథాతథముగా కొనసాగును."